చిట్టా, ఆవర్జా, కంప్యూటరు

పూర్వము మన వర్తకుల దుకాణములలో రెండు పుస్తకములు తప్పక ఉండెడివి. ఒకటి చిట్టా, రెండవది ఆవర్జా. బేరము జరిగిన క్షణముననే గుమాస్తా దానిని చిట్టాలో వ్రాయును. ఎవరి పేరు, ఏ సరకు, ఎంత పైకము, రొక్కమా అరువా అను నాలుగు ముక్కలు, ముందటి పద్దు క్రిందనే. పుట వెదుకనక్కరలేదు, ఖాళీ వరుస ఎప్పుడును కలము మొన క్రిందనే ఉండును. దీపములు పెట్టి, కొట్టు కట్టివేసిన పిదప అతడు తీరికగా ఆవర్జాను తెరచి, ఒక్కొక్క పద్దును ఆయా ఖాతాదారుని పుటకు ఎక్కించును. ఈ రెండవ పని నెమ్మదియైన పని. ఒకరి పుట మొదటనుండును, ఇంకొకరిది చివరనుండును. పుటలు త్రిప్పుటకే ప్రొద్దుపోవును. పగటివేళ ఖాతాదారుడు ఎదుట నిలిచియుండగా ఆ పని పెట్టుకొన్నచో బేరము సాగదు. అందుచేత పగలు చిట్టా, రాత్రి ఆవర్జా.

దీనిని ఉబుసుపోకకు జ్ఞాపకము చేయుటలేదు. నేడు బ్యాంకులో మన నిలువ, రైలులో మన బెర్తు, ప్రభుత్వము వద్ద మన పింఛను, అన్నియు కంప్యూటరులోని పెద్ద పట్టికలలో వరుసలై ఉన్నవి. ఒక్కొక్క పట్టికలో కోట్లకొలది వరుసలుండుట వింత కాదు. అట్టి పట్టికలో ఒక అంకె తీసి వేరొక అంకె వేయుటను ఆ విద్యలోనివారు ‘అప్‌డేటు’ అందురు. చూచుటకు అది అతి స్వల్పమైన పని. ఐనను ఆ స్వల్పమైన పనియే గంటలకొలది సాగి, ఆ వేళకు కౌంటరు వద్ద నిలిచినవారినందరిని నిలువబెట్టిన సందర్భములు ఆ శాఖలో పనిచేయువారికి కొత్తవి కావు. ఎందులకింత ఆలస్యము? దానిని తగ్గించుటకు ఎవరెవరు ఏమేమి చేసిరి? ఆ చరిత్రను త్రవ్వినకొలదియు మన చిట్టా గుమాస్తాయే ఎదురగుచుండును.

లెక్కల యంత్రముల కథను అమెరికాలోని 1890 జనాభా లెక్కలతో ప్రారంభించుట వాడుక. హెర్మన్ హాలరిత్ అట్టకార్డులకు చిల్లులు పొడిచి, ఆ చిల్లులను విద్యుత్తుతో లెక్కించు యంత్రమును ఆ సంవత్సరము పనికి పెట్టెను. కాని జనాభా లెక్క ఒకమారు లెక్కించి కట్టివేయునది. మనిషి మనిషికి ఖాతా పెట్టి, దానిని ఏటేట దిద్దుచుండవలసిన పని కాదు. ఆ చిక్కు 1935లో వచ్చినది. ఆ సంవత్సరము అమెరికాలో సామాజిక భద్రతా చట్టము అమలులోనికి వచ్చెను. కార్మికుడు జీవితకాలమున ఆర్జించిన జీతమును బట్టి వార్ధక్యమున పింఛను ఈయవలెను. అనగా కోట్లమందికి ఒక్కొక్క ఖాతా. యజమానులు పంపు వివరములు వచ్చినప్పుడెల్ల ప్రతి ఖాతాను సవరింపవలెను. బాల్టిమోరు రేవులోని ఒక కట్టడమున ఈ దఫ్తరమును నెలకొల్పిరి. అంత కాగితమును, అన్ని యంత్రములను మోయగల నేల గల భవనము వేరొకటి దొరకలేదట. ఒక పద్దు తప్పుపుటకు ఎక్కినచో ఒక ముసలివాని తిండికి లోటు వచ్చును. పని అంతటి బాధ్యత గలది.

ఆ పనికొరకు ఐ.బి.ఎం. సంస్థ 1937లో ‘కొలేటరు’ అను యంత్రమును సిద్ధపరచెను. ఖాతాల కార్డులు ఒక దొంతర, కొత్తగా వచ్చిన పద్దుల కార్డులు ఇంకొక దొంతర. రెంటిని ముందే ఖాతా సంఖ్యల వరుసలో పేర్చి యంత్రము రెండు నోళ్లలో పెట్టెదరు. యంత్రము రెండు దొంతరల పైకార్డులను పోల్చి చూచి, సంఖ్యలు కలిసినచో జతపరచును. కలియనిచో చిన్న సంఖ్య గల కార్డును ముందుకు త్రోయును. రెండు నోళ్లు కలిసి నిమిషమునకు 480 కార్డులు మ్రింగెడివి. ఇందులో వెదుకులాట అనునదే లేదు. రెండు వరుసలును ఒకే క్రమమున నడచుచుండుటచేత, ఎవరిని ఎవరు వెదుకనక్కరలేకయే కలిసికొందురు. ఐడా మే ఫుల్లర్ అను వృద్ధురాలికి 1940 జనవరి 31వ తేదీ గల మొదటి నెలసరి చెక్కు, 22 డాలర్ల 54 సెంట్లు, అందినది ఈ కార్డుల లెక్కల యుగముననే.

1951లో యూనివాక్ కంప్యూటరు అమెరికా జనాభా శాఖకు చేరినది. దానితో అయస్కాంత టేపు వచ్చెను. టేపు మీద నడుమనున్న ఒక ఖాతాను మాత్రము దిద్దుట అసాధ్యప్రాయము. కావున పాత టేపు ఒక ప్రక్కన, వరుసలో పేర్చిన మార్పుల టేపు ఇంకొక ప్రక్కన తిరుగుచుండగా, మూడవ ప్రక్కన సరికొత్త టేపు వ్రాయబడును. లక్ష ఖాతాలలో నూటికి మార్పున్నచో, తక్కిన 99,900 ఖాతాలను ఉన్నవి ఉన్నట్లే తిరిగి వ్రాయవలసినదే. దీనిని చూచి నవ్వుట సులభము. కాని ఇందులో ఒక గొప్ప మేలు కలదు: పాత టేపు చెడలేదు. కొత్త టేపు వ్రాయుచుండగా విద్యుత్తు పోయినచో మరల మొదటినుండి వ్రాసికొనవచ్చును. ఒక తరము టేపును తండ్రి అనియు, దాని ముందటిదానిని తాత అనియు వ్యవహరించుచు, మూడు తరముల టేపులను బీరువాలలో భద్రపరచెడివారు. ఈ తాతగారితో చివరలో మరల పని పడును.

టేపు లెక్క రాత్రి పని. మార్పులు మూటగట్టుకొని సాయంకాలము వరకు వేచియుండవలెను. జీతములకు, పింఛనులకు అది చాలును. కాని విమానములో సీటుకు చాలదు. ఒకే సీటును ఇద్దరికి అమ్మినచో ఇద్దరును విమానము వద్దకు వచ్చెదరు. సీటున్నను లేదనుకొన్నచో అది ఖాళీగా ఎగురును. అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంస్థలో చుట్టూ తిరుగు బల్ల మీద కార్డులు పేర్చుకొని, ఎనిమిదిమంది దాని చుట్టు కూర్చుండి చేతితో సీట్లు కేటాయించెడివారు. ఒక్కొక్క టిక్కెట్టు పని పూర్తి యగుటకు సగటున గంటన్నర పట్టెడిది. 1953లో ఆ సంస్థ అధ్యక్షుడు సి. ఆర్. స్మిత్, ఐ.బి.ఎం. ఉద్యోగి బ్లెయిర్ స్మిత్, ఇద్దరును దైవికముగా ఒకే విమానమున ప్రక్కప్రక్క సీట్లలో కూర్చుండి మాటలలో పడిరి. ఇంటిపేరు కలియుటచేత మొదలైన ఆ సంభాషణ నుండియే ‘సేబర్’ అను సీట్ల కేటాయింపు వ్యవస్థ పుట్టినది. అది 1964 నాటికి పూర్తిగా పనిలోనికి వచ్చి, గంటన్నర పనిని క్షణములలోనికి దింపెను.

దానికి ఆధారము డిస్కు. 1956లో ఐ.బి.ఎం. వెలువరించిన ‘రామక్’ యంత్రములో రెండడుగుల వ్యాసము గల పళ్లెములు 50, ఒకే ఇరుసు మీద నిమిషమునకు 1200 చుట్లు తిరుగుచుండెడివి. వాని మీద మొత్తము 50 లక్షల అక్షరములు పట్టెను. ఒక చేయి వచ్చి కావలసిన పళ్లెమును చేరుకొని, కావలసిన వృత్తము మీద నిలుచును. టేపువలె మొదటినుండి చివర వరకు చుట్టనక్కరలేదు. ఆవర్జాను పగటివేళ, ఖాతాదారుని ఎదుటనే తెరచుటకు వీలు కలిగినది. మన దేశమున ఇట్టి ఏర్పాటు రైళ్లకు 1980ల నడుమ ఢిల్లీలో మొదలయ్యెను. ఊరూర ఉన్న కంప్యూటర్లను ఒకదానితో ఒకటి ముడిపెట్టు ‘కన్సర్ట్’ వ్యవస్థ 1994లో మొదట మన సికింద్రాబాదులోనే నెలకొని, 1999 నాటికి ప్రధాన కేంద్రములన్నిటిని కలిపెను.

ఇక్కడినుండి చిక్కు రూపము మారినది. డిస్కు చేయి కదలుటకు రామక్‌లో సగటున సెకనులో సగమునకు పైచిలుకు పట్టెడిది. ఎలక్ట్రానుల వేగముతో పోల్చినచో ఇది ఎద్దుబండి నడక. కావున చేతిని ఎన్నిమారులు కదిలించితిమి అనునదే లెక్క. ఏ ఖాతా ఎచటనున్నదో ముందే తెలియవలెను. అనగా గ్రంథము చివరనుండు అకారాది సూచిక వంటిది కావలెను. బోయింగు సంస్థ పరిశోధనాలయములో పనిచేయుచుండిన రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ అనువారు 1970లో ‘బి-ట్రీ’ అను సూచికను రూపొందించి 1972లో ప్రకటించిరి. సూచికకు సూచిక, దానికి మరల సూచిక, ఇట్లు అంతస్తులు. పుట ఒక్కింటికి 200 సంఖ్యలు పట్టుననుకొన్నచో మూడు అంతస్తులలో 80 లక్షల ఖాతాలు ఇమిడిపోవును. మూడు పుటలు త్రిప్పిన చాలును, ఖాతా దొరకును. పుట నిండినచో అది రెండు పుటలుగా చీలి, పై అంతస్తునకు కబురు పంపును.

సూచిక వెదుకువానికి వరమే; వ్రాయువానికి మాత్రము బరువు. ఒక పట్టికకు పేరును బట్టి ఒకటి, ఊరును బట్టి ఒకటి, తేదీని బట్టి ఒకటి, ఇట్లు ఎనిమిది సూచికలు కట్టియున్నచో, కొత్త వరుస చేర్చినప్పుడెల్ల ఎనిమిదింటను వ్రాయవలెను. సూచికలోనున్న అంశము మారినచో పాత చోట చెరపి కొత్త చోట వ్రాయవలెను. వెదుకుట ఆలస్యమగుచున్నదని సూచిక కట్టి, అప్‌డేటు ఆలస్యమగుచున్నదని మరియొక సూచిక కట్టువారు నేటికిని కలరు. రోగమునకు మందు, మందునకు రోగము అన్నట్లుండును.

1970లోనే ఐ.బి.ఎం. శాన్ హోసే పరిశోధనాలయములోని ఎడ్గర్ కాడ్ ఒక వ్యాసము ప్రకటించెను. దత్తాంశమును సామాన్యమైన పట్టికలుగా చూపవలెననియు, ఏది కావలెనో చెప్పిన చాలుననియు, ఎట్లు తెచ్చుట యంత్రము చూచుకొనవలెననియు ఆయన ప్రతిపాదన. దానిని ఆచరణలో పెట్టుటకు అచటనే ‘సిస్టమ్ ఆర్’ ప్రయోగము సాగెను. నేడు లోకమంతటను వాడు ‘ఎస్.క్యూ.ఎల్.’ భాష అందులో పుట్టినదే. పాతికవేల డాలర్లకు తక్కువ జీతము గల ఉద్యోగులకందరకు నూటికి పది చొప్పున పెంచుమని 1976లో హాలోవీన్ పండుగ వేళ అచటి పరిశోధకులు యంత్రమును ఆజ్ఞాపించిరి. పని నిర్విఘ్నముగా ముగిసెను. తీరా చూడగా పాతికవేలకు తక్కువ జీతము గలవాడు ఒక్కడును మిగులలేదు!

జరిగినది ఏమనగా: వేగముకొరకు యంత్రము జీతముల సూచికనే పట్టుకొని, తక్కువనుండి ఎక్కువకు నడచుచు పెంచుకొనుచు పోయెను. జీతము పెరిగినవాడు సూచికలో ముందుకు జరిగెను. యంత్రము అచటికి చేరునప్పటికి వాడు మరల ఎదురాయెను, మరల పెంచెను. పంక్తి భోజనములో వడ్డన ఐన మనిషి లేచి పంక్తి చివర విస్తరి ముందు కూర్చున్నట్లు. ఇది ‘హాలోవీన్ చిక్కు’ అను పేరుతో నిలిచిపోయినది. విరుగుడు సామాన్యమే: ఎవరెవరికి పెంచవలెనో ముందు జాబితా వ్రాసికొని, తరువాత ఆ జాబితాను బట్టి పెంచవలెను. కాని ఆ జాబితా వ్రాయుటకును కాలము పట్టును. ఒక అప్‌డేటు మనమనుకొన్నదానికంటె ఆలస్యమగుటకు ఈ జాగ్రత్త ఒక కారణము. ఆ కాలమును మిగుల్చుకొనవలెనని నేనైతే కోరను.

ఒకే పట్టికను వేయిమంది ఒకేసారి దిద్దుచున్నచో ఏమగును? ఒకరు దిద్దుచుండగా మరియొకరు ముట్టరాదు. అందుకే ‘లాకు’, అనగా తాళము. పట్టిక అంతటికిని తాళము వేసినచో అందరును బయట నిలువవలెను. వరుసకొక తాళము వేసినచో తాళములను లెక్కించుటయే పెద్ద పనియగును. సిస్టమ్ ఆర్ బృందములోని జిమ్ గ్రే, సహచరులు 1970ల నడుమ దీనికి ఒక యుక్తి చెప్పిరి. లోపలి గదిలో పనిచేయువాడు వాకిట ఒక గురుతు తగిలించి పోవలెను. ఇల్లంతయు కావలెనని వచ్చువాడు ఆ గురుతు చూచి ఆగును. వేరొక గదికి వచ్చినవాడు ఆగనక్కరలేదు. ఈ ఏర్పాటు నేటి డేటాబేసులలోను కలదు. ఐతే కొన్ని వ్యవస్థలు వేలకొలది వరుస తాళములు పోగుపడినచో, వానినన్నిటిని తీసివేసి పట్టికకంతకును ఒకే తాళము వేయును. కోటి వరుసలను ఒకే ఆజ్ఞతో దిద్దబోయినవాడు అందరిని బయటికి పంపి తలుపు మూసినట్లగుట అందుచేతనే.

గ్రే మహాశయుడు 1985లో తన పేరు వేయక, మిత్రులతో కలిసి ప్రకటించిన ఒక వ్యాసములో ఒక బ్యాంకు సంగతి చెప్పెను. 1973లో ఆ బ్యాంకు తన 1000 శాఖలను, 10,000 మంది కౌంటరు గుమాస్తాలను, కోటి ఖాతాలను కంప్యూటరుకు కలుపవలెనని కోరెను. సెకనుకు 100 లావాదేవీలు జరుగవలెను. ఇచట రెండు ఇరుకులు కలవు. మొదటిది శాఖ మొత్తము. ఖాతాలు కోటి ఐనను, శాఖ నిలువ ఒక్కటే అంకె; ఆ శాఖలో ఎవరు పైకము కట్టినను అందరును ఆ ఒక్క అంకెనే దిద్దవలెను. సంతలో అందరును ఒకే నూతి వద్దకు చేరినట్లు.

రెండవది డిస్కు. లావాదేవీ ముగిసినదని చెప్పుటకు ముందు అది డిస్కు మీద పడి తీరవలెను. లేనిచో విద్యుత్తు పోయిన క్షణమున ఖాతాదారుని పైకము పోవును. ఆనాటి మేలైన డిస్కు నిమిషమునకు 3600 చుట్లు, అనగా సెకనుకు 60 చుట్లు తిరిగెడిది. చుట్టుకొక లావాదేవీ వ్రాసినచో 60కి మించవు. నూరు ఎట్లగును? దీనికి జట్కావాడు దారి చూపును. ఒక్కడెక్కగానే బండి తోలడు. నలుగురు కూడువరకు ఆగును. అట్లే ఒకటి రెండు చుట్ల కాలము ఆగి, ఆ వ్యవధిలో ముగిసిన లావాదేవీలనన్నిటిని కలిపి ఒకే వ్రాతతో డిస్కునకు పంపుదురు. ‘గ్రూప్ కమిట్’ అని దీని పేరు. ఒక్కొక్కరికి రవంత ఆలస్యమగును. అందరికి కలిపి చూచినచో ఎంతో వేగము. ఐ.బి.ఎం. వారి ‘ఐ.ఎం.ఎస్. ఫాస్ట్ పాత్’ అను బ్యాంకుల వ్యవస్థ ఈ మార్గమున ప్రసిద్ధికెక్కెను.

ఇంతకును డిస్కు మీద పడవలసినది ఏది? ఆవర్జా పుటయా? కాదు. ఇచటనే మన గుమాస్తా నిండుగా దర్శనమిచ్చును. ఆ పుట పళ్లెము మీద ఎచటనో ఉండును. చేయి అచటికి పోవలెను. దానికి మారుగా ఒకే చోట, ఒకదాని క్రింద ఒకటిగా, ఏ పుటలో ఏ అంకె పోయి ఏ అంకె వచ్చినదో వ్రాసికొనుచు పోవుదురు. దీనిని ‘లాగ్’ అందురు. చిట్టా అనినను తప్పు లేదు. చిట్టా డిస్కు మీద పడినచో చాలును, లావాదేవీ ముగిసినట్లే. ఆవర్జా పుటను తీరికగా తరువాత వ్రాయవచ్చును. నడుమ యంత్రము ఆగిపోయినచో, చిట్టాను చదువుకొనుచు జరిగినదంతయు తిరిగి జరిపి, ముగియక నిలిచినవానిని వెనుకకు త్రిప్పవలెను. ఈ పద్ధతికి సమగ్రమైన శాస్త్రమును కూర్చి ‘ఏరీస్’ అను పేరుతో 1992లో ప్రకటించినవారిలో ముఖ్యుడు మద్రాసు ఐ.ఐ.టి.లో చదివి ఐ.బి.ఎం.లో పనిచేసిన సి. మోహన్. నేటి పెక్కు డేటాబేసులు ఈ మార్గముననే నడచుచున్నవి.

1996లో ప్యాట్రిక్ ఓ’నీల్, ఆయన సహచరులు ఇంకొక అడుగు వేసిరి. మార్పులను ముందు జ్ఞాపకశక్తిలో క్రమముగా పేర్చుకొని, పోగైన తరువాత డిస్కు మీది దొంతరతో కలిపి కొత్త దొంతర వ్రాయుట; అది పెరిగినచో దానికంటె పెద్ద దొంతరతో కలుపుట. ‘ఎల్.ఎస్.ఎమ్. ట్రీ’ అని దీనికి పేరు. 1937 నాటి కొలేటరు రెండు నోళ్లను ఇందులో గుర్తింపవచ్చును. ఐతే వ్రాయుటలో మిగిలిన కాలము చదువుటలో కొంత పోవును; ఒక ఖాతాకొరకు రెండు మూడు దొంతరలు చూడవలసివచ్చును.

బర్క్‌లీ విశ్వవిద్యాలయమున 1986 ప్రాంతమున మైఖేల్ స్టోన్‌బ్రేకర్ ప్రారంభించిన ‘పోస్ట్‌గ్రెస్’ మరియొక త్రోవ త్రొక్కినది. అది పాత వరుసను చెరపదు. దిద్దిన వరుసను కొత్తగా వ్రాసి, పాతదానిని అట్లే ఉంచును. చదువువాడు పాతది చదువుకొనును, వ్రాయువానికొరకు ఆగడు. కాని పాత వరుసల చెత్త పేరుకొనును. దానిని ఊడ్చుటకు వేరుగ ఒక పని కావలెను. పైగా వరుస కొత్త చోటికి మారుటచేత, మారని అంశముల సూచికలలో కూడ కొత్త గురుతు వ్రాయవలసివచ్చెడిది. 2008లో వెలువడిన 8.3వ కూర్పులో ఈ శ్రమ తగ్గినది. సూచిక గల అంశము మారక, అదే పుటలో చోటున్నచో, సూచికల జోలికి పోనక్కరలేదు. అందుకే ఈ విద్య ఎరిగినవారు తరచు దిద్దు పట్టికల పుటలను నిండా నింపక, కొంత ఖాళీ విడుతురు. ఆవర్జాలో ఒక్కొక్క ఖాతాకు రెండు మూడు తెల్లకాగితములు ముందే విడుచుట మన గుమాస్తాలు కూడ ఎరిగినదే.

ఇపుడు కోటి వరుసల పట్టికను దిద్దవలసిన ఉద్యోగి ఏమి చేయును? ముందు, మార్పు అక్కరలేని వరుసలను విడిచిపెట్టును. ఉన్న విలువకు అదే విలువ వేసినను పెక్కు డేటాబేసులు పూర్తి శ్రమ పడును. మార్పులను ఖాతా సంఖ్యల క్రమములో పేర్చును. కొన్ని వేల చొప్పున దఫదఫాలుగా దిద్ది, దఫకొకమారు తాళములు విడుచును. నడుమ తక్కినవారి పని సాగును. దఫ మరీ చిన్నదైనచో మాటిమాటికి డిస్కు కొరకు ఆగవలెను, మరీ పెద్దదైనచో జనము బయట నిలువవలెను. ఎంత అన్నది ఆ యంత్రము మీద పరీక్షించి తెలిసికొనవలసినదే.

పట్టికలో సగమునకు మించి మారవలసినప్పుడు మాత్రము అనుభవజ్ఞులు దిద్దుట మానివేయుదురు. దిద్దిన విలువలతో సరికొత్త పట్టికను మొదటినుండి చివర వరకు ఒకే ఊపున వ్రాయుదురు. సూచికలను తరువాత కట్టుదురు. అప్పటివరకు పాత పట్టికలో మార్పులు జరుగకుండ చూతురు, లేదా జరిగినవానిని పోగుచేసి కలుపుదురు. ఆపైన రెంటి పేరులను తారుమారు చేయుదురు. ఆ పని క్షణములో ముగియును. కొత్త పట్టిక సరిగనున్నదని తేలువరకు పాత పట్టికను తొలగింపక, యూనివాక్ నాటి తండ్రి టేపు వలె, కొన్ని దినములు ప్రక్కన ఉంచుదురు.